ఎముక కొస మీది కుట్టు

ఇటు జరగండి, ఇంకా జరగండి! ఆ వెనకాల గుసగుసలు ఆపకపోతే మీ నోటికి కాజా కుట్టి గుండీ పెట్టేస్తాను.

అమీర్‌పేట సందులో స్వరాజ్యం అని ఒక దర్జీ ఉంది. ఆమె కుట్టిన చొక్కా తొడిగితే గూనివాడు కూడా కలెక్టరులా నడుస్తాడు. ఒకరోజు పంజాగుట్టలో రెడీమేడ్ షాపు నడిపే కామరాజు గారు వచ్చి, తగిలించి ఉన్న చొక్కాలు చూసి నవ్వాడు.

"ఏంటమ్మా, ఇంకా ఈ పాతకాలం భుజాలేనా? కుట్టు రెండు వేళ్లు కిందికి జారితేనే ఇప్పుడు స్టైలు!"

స్వరాజ్యానికి ఒళ్లు మండింది. పక్కన టీ తాగుతున్న మొగుడు రాజనర్సయ్య భుజం మీద టప్పున వేలు పెట్టింది.

"గిదో, ఎముక ఈడ ఒడుస్తది, చెయ్యి ఈడికెల్లి మొదలైతది. కుట్టు గీ కొస మీదనే కూసోవాలె. జారితే చెయ్యెత్తినప్పుడల్లా చొక్క మొత్తం పైకి లేస్తది. నా కుట్టు జర జరిగినా సరే, నా బోర్డు దింపి మీ షాపుల పనికొస్త!"

"జరక్కపోతే?"

"నేను కుట్టిన చొక్క తొడుక్కొని మీ షాపు ముంగట నిలబడాలె సారూ."

పందెం కుదిరింది. ఆఫీసుల వేళ అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, పైనున్న పట్టీ పట్టుకుని పంజాగుట్టలో దిగాలి. రాజనర్సయ్య ఆమె చొక్కాతో, కామరాజు గారు తన షాపు చొక్కాతో.

స్వరాజ్యం ఆటోలో ముందే వచ్చి పంజాగుట్ట స్టేషన్ మెట్ల కింద నిలబడింది. తన పేరు రాయించుకున్న బోర్డు కళ్ల ముందు ఊగుతోంది.

ఆ రద్దీ ఎలాంటిదనుకున్నారు? మొదటి పెట్టెలో ఒకడు తుమ్మితే చివరి పెట్టెలో ఇంకొకడు ముక్కు తుడుచుకున్నాడు! ముందు రాజనర్సయ్య దిగాడు. గుండీలన్నీ ఎగిరిపోయాయి. కాలరు సగమే మిగిలింది. జేబు ఎవరితోనో ఎర్రమంజిల్ వెళ్లిపోయింది. భుజాల కుట్లు మాత్రం ఎముక కొసల మీద గద్దెనెక్కిన రాజుల్లా కూర్చున్నాయి.

వెనకే కామరాజు గారు. చెయ్యెత్తిన పాపానికి ఆయన చొక్కా మెడ దాకా ఎక్కి, ఇక దిగనంది. పొట్ట పంజాగుట్ట మొత్తానికి దర్శనమిస్తోంది. ఆయన ఒక చేత్తో పొట్ట కప్పుకుని, రెండో చేత్తో రాజనర్సయ్య భుజం తడిమాడు. కుట్టు వెంట్రుకంత కూడా జరగలేదు.

"కొలతలు తీసుకోమ్మా," అన్నాడు.

స్వరాజ్యం మెడలోని టేపు తీసి, అందరూ చూస్తుండగా ఆ మెట్ల మీదే ఆయన భుజం కొలిచింది. ఆ పూట ఆమె మెట్రో స్తంభం కంటే పొడుగ్గా ఉంది.

అంతలో పల్లీలమ్మే హనుమాండ్లు గుంపును తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"అక్కా, చొక్కలు నా కాడ మస్తున్నయ్. నాకు జర గసొంటి భుజాలే ఒక జత కుట్టియ్యి!"