పెంకులు ఏసినవా?

నేను ఒక చిల్లపెంకును. ముక్కు చిట్లించకండి. కాలికి గుచ్చుకుంటే బూతు తిట్టి గోడవతలికి విసిరేస్తారే, ఆ జాతిదాన్నే. అయితే నేను చూసినంత కాగుడు మీలో ఎవరూ చూసి ఉండరు, అది మాత్రం రాసిస్తాను.

నా పుట్టుకే దెబ్బలతో మొదలు. చెరువులో హాయిగా పడుకున్న మట్టిని గడ్డపారతో పొడిచారు, కాళ్లతో తొక్కారు, చక్రం మీద కళ్లు తిరిగేలా తిప్పారు, చెక్కతో బాదారు, ఆఖరికి ఆవంలో పెట్టి కాల్చారు. ఇంతా చేసి, "ఇగ సల్లటి నీళ్లియ్యి" అన్నారు. మనుషుల తెలివి చూశారా! తన్ని, తగలబెట్టి, ఆ తర్వాత చల్లగా ఉండమంటారు.

అలా నేను రంజన్‌నై, అంటే మంచినీళ్ల కుండనై, గోదావరిఖనిలో కనకవ్వ ఇంటికి చేరాను. ఆమె మొగుడు ఓదెలు బొగ్గుబాయిలో మిషను నడిపేవాడు. మంచివాడే. కాకపోతే ఒక పిచ్చి, ఒక రోగం. పిచ్చి ఏమిటంటే, ఇంట్లో ఇప్పసార కాయడం. అమ్ముకోవడానికి కాదు, సరదా. కుక్కర్ మూతకు రాగి గొట్టం బిగించి, దాన్ని చన్నీళ్ల బకెట్లోంచి పోనిచ్చి, కొసన చుక్క రాలుతుంటే నోరు తెరుచుకుని చూసేవాడు. ఇక రోగమంటే, మరిచిపోయానని చచ్చినా ఒప్పుకోడు. "కూరల ఉప్పు ఏసినవా?" అని కనకవ్వ అడిగితే, వెయ్యకపోయినా "ఏసిన" అంటాడు. ఆమె అటు తిరగ్గానే గబగబా పోయి వేస్తాడు. వాడి లెక్కలో అది అబద్ధం కాదు, కొంచెం ముందుగా చెప్పిన నిజం.

మొదటిసారి కాచిన రోజు కుక్కర్‌ను గొంతుదాకా నింపాడు. పులిసిన ఇప్పపూల ఊట పాలకంటే అన్యాయంగా పొంగుతుంది. నురగ లేచి, పూల పిప్పితో సహా గొట్టంలో దూరి అడ్డం పడింది. ఢామ్మని మూత ఎగిరి ఇంటికప్పుకు కొట్టుకుంది. వసారాలో కూర్చున్న కనకవ్వ తమ్ముడు గట్టయ్య పడీపడీ నవ్వాడు.

"బావా, సార కాస్తున్నవా, బాంబు చేస్తున్నవా?"

అంతే. ఓదెలు బామ్మర్ది కాలర్ పట్టుకున్నాడు. వాడు బావ ముక్కు మీద గుద్దాడు. రక్తాలు కారుతుండగా ఇద్దరూ నేల మీద దొర్లి, లేచి, మళ్లీ కలబడ్డారు. ఓదెలు తన్నిన తన్ను గట్టయ్యకు తగల్లేదు. నాకు తగిలింది. నీళ్లన్నీ నేల పాలు, నేను ముక్కలు. "ఇగ నీ గడప తొక్కితే చెప్పుతోటి కొట్టు" అని గట్టయ్య వెళ్లిపోయాడు.

కనకవ్వ ఏడుస్తూ ముక్కలు ఏరింది. వాటిలోంచి సన్నవి నాలుగు కడిగి, సాసర్లో వేసి, మొగుడి ముందు ఠప్పున పెట్టింది.

"కాచుడు ఎట్లనూ మానవు. అందుకే చెప్తున్న, ఇను. సగానికి మించి పొయ్యకు. ఊటల నూనె చుక్క ఎయ్యి, నురగ సచ్చిపోతది. మంట సన్నగ పెట్టు. ఈ పెంకులు సల్లగున్నప్పుడే ఎయ్యాలె. కాగినంక ఎయ్యొద్దు. మా అమ్మ ఒక్కపారి అట్లనే మరిచి, కాగినంక ఏసింది. కన్ను పాయె. నీ కండ్లు పోతే మిషిను ఎవలు నడుపుతరు? నా మొకం ఎవలు చూస్తరు?"

ఓదెలు తల ఊపాడు. ఆనాటి నుంచి నా ఉద్యోగం కుక్కర్ అడుగున. అక్కడ ఏం జరుగుతుందో మీకు తెలియదు, చెప్తాను. నున్నటి గిన్నెలో కాగే ఊట బయటికి కదలదు, లోపల కోపం పెంచుకుంటూ పోతుంది. ఒక్కసారి తెగించిందా, గిన్నెతో సహా లేస్తుంది. నా ఒంటి నిండా సన్నని బొక్కలు. వాటిలోంచి ఆ కోపం బుడగ బుడగగా బయటపడుతుంది. మేం నలుగురం ఒకర్నొకరు గుద్దుకుంటూ, గీరుకుంటూ, అరుగుతూ ఆ పని చేసేవాళ్లం. పైన చుక్క కుదురుగా రాలేది. ఆ ఇంట్లో కొట్లాట అంతా మా వంతే, వాళ్లకు శాంతి.

ఎల్లమ్మ పండుగ వచ్చింది. తల్లి ముందు సాకగా ధార పొయ్యాలంటే ఇంట్లో కాచిన సారే కావాలన్నది గట్టయ్య పట్టు. కనకవ్వ బతిమాలి పిలిస్తే, మొహం ముడుచుకునే వచ్చి వసారాలో కూర్చున్నాడు. బామ్మర్ది ముందు పరువు నిలబెట్టుకోవాలని ఓదెలు ఆ పొద్దున్నుంచీ హడావుడి. ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద కుక్కర్. మంట పెద్దది పెట్టాడు. మేం కిటికీలో, సాసర్లోనే ఉన్నాం. అరవడానికి నోళ్లు లేవు.

పెరట్లోంచి కనకవ్వ కేకేసింది. "ఏమయ్యా, పెంకులు ఏసినవా?"

వసారాలో గట్టయ్య చెవులు రిక్కించాడు.

"ఏసిన!" అన్నాడు ఓదెలు.

ఆ మాట నోట్లోంచి వచ్చాక మా వైపు చూశాడు. అయ్యో దేవుడా, ఆ చూపు నాకు తెలుసు. ఉప్పు విషయంలో చూసే చూపే. కుక్కర్ కింద మంట ఆర్పాడు. ఆర్పితే కాగుడు ఆగినట్టేనని వాడి నమ్మకం. ఆగి, మూత తీశాడు. ఊట నిమ్మళంగా ఉంది, ఒక్క బుడగ లేదు. దాని లోపల ఎంత కసి ఉందో నాకు ఆవిరి తగలగానే అర్థమైంది. వాడు వంగి మరీ చూస్తూ, చప్పుడు కాకుండా మమ్మల్ని జారవిడిచాడు.

నేను అడుగుకు చేరనే లేదు. ఊట మొత్తం ఒక్క ఊపున లేచి వాడి మొహాన్ని కొట్టింది. నేనూ దాంతోపాటే లేచాను. లేచి, తిన్నగా వాడి ఎడమ కంట్లో దిగాను. పక్క పొయ్యి మంట సార ఆవిరిని అందుకుంది. భగ్గుమంది. వాడి జుట్టు, చొక్కా, కిటికీ పరదా, అన్నీ ఒక్కసారే. ఆ అరుపు మనిషిది అనుకోలేదు నేను. గట్టయ్య ఉరికొచ్చి, చెద్దరు తడిపి, బావను దాంట్లో చుట్టి, తన చేతులు కాలుతున్నా వదల్లేదు. కనకవ్వ బిందెలకు బిందెలు కుమ్మరించింది. ఆ తర్వాత రోకలి తీసుకుని కుక్కర్‌ను, గొట్టాన్ని, బకెట్‌ను, అవి పచ్చడి అయ్యేదాకా బాదింది. బాదుతూనే ఏడ్చింది. ఆ ఏడాది ఎల్లమ్మకు నీళ్లే సాక.

ఆసుపత్రిలో నన్ను కంట్లోంచి తీసి పళ్లెంలో వేశారు. ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను మసక. రోజూ మందు చుక్కలు వేసుకుంటేనే అదైనా మిగులుతుందని డాక్టరు చెప్పాడు. బాయి ఉద్యోగం పోయింది. కనకవ్వ నన్ను కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చి, అదే కిటికీలో, చుక్కల సీసా పక్కన పెట్టింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఇవాళ పొద్దున గట్టయ్య బావకు గడ్డం గీస్తున్నాడు. కనకవ్వ పెరట్లోంచి కేకేసింది.

"ఏమయ్యా, చుక్కలు ఏసుకున్నవా?"

"ఏ..." అన్నాడు ఓదెలు. సీసా కోసం తడిమిన చెయ్యి నా మీద పడింది. మంటకు కాలి ముడతలు పడ్డ ఆ వేళ్లు నా అంచును తడిమి చూశాయి. గట్టయ్య కత్తి ఆపాడు.

"ఎయ్యలే," అన్నాడు ఓదెలు. "మరిచిన. జర నువ్వొచ్చి ఎయ్యి."