సుంకమ్మ చేలో నిలువురాయి

నేను ఒక రాయిని. పన్నెండడుగుల ఎత్తు. కృష్ణ ఒడ్డున ఒక జొన్నచేలో నిలబడి ఉన్నాను. ఎన్నేళ్లుగా అని అడగకండి, ఏళ్లు లెక్కపెట్టే పిచ్చి మీ మనుషులదే. గుట్ట నుంచి నన్ను విడదీసి, దుంగల మీద దొర్లించి తెచ్చి, గుంత తీసి నిలబెట్టారు. ఎందుకో వాళ్లకు తెలుసు, నాకు తెలుసు. వాళ్లు పోయారు, నాకు నోరు లేదు.

తర్వాత వచ్చినవాళ్లు తోచిన కథ కట్టారు. శాపం తగిలి రాయైపోయిన దొంగనట నేను. ఏం దొంగిలించానో మాత్రం ఎవరూ చెప్పలేదు. బర్రెలు నయం, వీపు గోక్కుని ఊరుకున్నాయి.

చివరికి ఈ చేను అంజిలప్పకు వచ్చింది. అతను బొంబాయిలో మట్టిపనికి వెళ్లిన ఏడాది, భార్య సుంకమ్మకు పుట్టిన ఆడపిల్ల పదకొండో రోజున పోయింది. ఆ ఊళ్లో పసిబిడ్డలను కాల్చరు, సొంత చేలో పూడుస్తారు. అత్తాకోడళ్లు నా పాదం దగ్గర పూడ్చారు. బిడ్డ ఉన్న చేలో కొడుకు నాగలి పట్టలేడని, అతను తిరిగొచ్చాక, వాగు ఒడ్డున పెట్టామని చెప్పింది అత్త. నిజం చెప్పనని కోడలి చేత ఒట్టు వేయించుకుంది. అప్పటి నుంచి ఏటా తొలి జొన్నకంకి సుంకమ్మ నా దగ్గరే పెట్టేది. దేవుడికి కాబోలు అనుకున్నాడు అంజిలప్ప.

మొన్న ఎండాకాలం అతను జేసీబీ తెచ్చాడు. ట్రాక్టరు తిరగడానికి నేను అడ్డమట. ఆ ఇనుప చెయ్యి పైకి లేచినప్పుడు నాకు భయం వేసింది. నా కోసం కాదు.

సుంకమ్మ పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"తవ్వొద్దు."

"ఏందే, రాయే గదా."

"మన బిడ్డ ఈడనే ఉందయ్యా. వాగు కాడ లేదు. అత్త నాతోని ఒట్టు ఏయించుకుంది."

అంజిలప్ప డ్రైవర్‌ను వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాడు. చెప్పులు విడిచి వచ్చి నా దగ్గర కూలబడ్డాడు. "నాలుగేండ్ల సంది వాగు కాడ మొక్కుతున్న గదనే" అన్నాడు. ఇద్దరూ మట్టి మీద చేతులు పెట్టి ఏడ్చారు.

వానలు పడ్డాక, కాలేజీలో చరిత్ర చెప్పే ఒకావిడ నన్ను చూడటానికి వచ్చింది. టేపు పెట్టి కొలిచి, పుస్తకం తెరిచి, ఈ రాయి ఎవరిదో ఊళ్లో ఏమైనా చెప్పుకుంటారా అని అడిగింది.

"మా బిడ్డది మేడం" అన్నాడు అంజిలప్ప.

ఆవిడ ఆ మాట రాసుకోలేదు. "ఇది మూడు వేల ఏళ్ల నాటిదయ్యా" అంది మెల్లగా.

రాసుకోవాల్సింది. నన్ను మొదట నిలబెట్టిన మనిషి కూడా, మట్టి చేతులతో ఇక్కడే కూలబడి, అదే మాట అన్నాడు.