సాక్ష్యానికొచ్చిన నీళ్ళ డబ్బా

నేను ఒక ప్లాస్టిక్ డబ్బాని. తెల్లగా ఉంటాను, అయిదు లీటర్లు పడతాను. పుట్టింది వంటనూనె కోసం. నూనె అయిపోయాక ఒంగోలు పక్కనున్న ఒక చిన్న పట్నంలో పోలీస్ స్టేషన్‌కి చేరి, తాగే నీళ్ళు మోస్తూ బతికాను. చెప్పుకోదగ్గ గొప్పలేమీ లేవు నాకు. అయినా నోరు విప్పుతున్నానంటే, మనుషులు నన్ను కోర్టుకి ఈడ్చి నా చేత అబద్ధం చెప్పించారు గనక.

ఊళ్ళో దొంగల్ని పట్టుకునే ఆ స్టేషన్‌లోనే వస్తువులు మాయమవుతుంటాయి. ఆ బాధ పడలేక స్టేషన్ రికార్డులు రాసే రైటర్ గారు కుర్చీలకీ, చెంబులకీ, ఆఖరికి చీపురుకట్ట పిడికీ ఎర్ర రంగుతో 'పో.స్టే.' అని రాయించారు. నన్ను బోర్లించి నా అడుగునా రాశారు. ఆ రెండు అక్షరాల సంగతి తర్వాత అందరూ మర్చిపోయారు.

బస్టాండు గేటు పక్కన మస్తానమ్మ అని ఒకావిడ బండి మీద ఇడ్లీలు అమ్మేది. మొగుడు పోయాక ఆ బండే ఆమెకి కూడూ గుడ్డా. ఎవరో పెద్దమనిషి ఊరికి వస్తున్నాడని, రోడ్డు విశాలంగా కనపడాలని, మునిసిపాలిటీ వాళ్ళు ట్రాక్టరు వేసుకొచ్చి బండ్లు ఎత్తడం మొదలుపెట్టారు. ముందు నిలబడి చేయిస్తున్నది టౌన్ ప్లానింగ్ ఆఫీసరు విజయసారథి గారు. మస్తానమ్మ బతిమాలింది, కాళ్ళ మీద పడింది. ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండా "ఎత్తండి, ఎత్తండి" అన్నాడు. ఆమె బండి కిందున్న కిరసనాయిలు డబ్బా తీసి ఒంటిమీద గుమ్మరించుకుంది. చెత్త ఎత్తే కార్మికుడొకడు ఒక్క గెంతులో వచ్చి, డబ్బా లాగి మురిక్కాలవలోకి విసిరేసి, బిందెలతో నీళ్ళు పోసి ఆమెని కాపాడాడు. అక్కడ మనిషిలా ప్రవర్తించింది అతనొక్కడే, అతని పేరు కేసులో ఎక్కడా లేదు. ఆఫీసరు గారు అప్పటికే జీపెక్కి అద్దాలు బిగించుకున్నారు.

ఇదంతా నేను విన్నదే. నేను అక్కడ లేను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆమె మీద కేసు కట్టారు. ఆ సెక్షను సంగతి రైటర్ గారు చదువుతుంటే విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బతకలేక ఒక మనిషి చావబోతే చట్టం అయ్యో పాపం అంటుంది, వైద్యం చేయించమంటుంది. అదే మనిషి ప్రభుత్వోద్యోగి పని ఆపాలని చావబోతే నేరం, ఏడాది దాకా జైలు. ఎవరికీ వినపడకుండా ఏడిస్తే జబ్బు, ఆఫీసరుకి వినపడేలా ఏడిస్తే నేరం. ఇంత తెలివి డబ్బాలకి ఉండదు.

కేసైతే కట్టారు గానీ, చూపించడానికి డబ్బా లేదు. అది కాలవలో ఎటో కొట్టుకుపోయింది. ఎస్సై గారు మండిపడ్డాడు.

"డబ్బా లేకుండా కేసేందయ్యా? ఏడుకొండలూ, ఎట్టాగోట్టా ఒకటి పట్రా!"

హెడ్ కానిస్టేబుల్ ఏడుకొండలు వీధిలోకి వెళ్ళడానికి కూడా బద్ధకించాడు. అటూ ఇటూ చూసి, మూలనున్న నన్ను అందుకున్నాడు. నాలోని నీళ్ళు పారబోసి, కాస్త కిరసనాయిలు పోసి, గుడ్డ చుట్టి, లక్క సీలు వేసి, చీటీ అంటించాడు. పని అయ్యాక దాహం వేసి, మంచినీళ్ళేవని స్టేషనంతా వెతుక్కున్నాడు.

కోర్టులో ఏడుకొండలు బోనెక్కి, ముద్దాయి చేతిలోంచి నన్ను తానే లాక్కున్నానని ప్రమాణం చేసి చెప్పాడు. మస్తానమ్మకి ప్రభుత్వం తరఫున ఉచితంగా ఇచ్చిన వకీలు హైమావతి గారు నా గుడ్డ విప్పించి, నన్ను తలకిందులు చేసింది.

"ఇక్కడేం రాసుందో చదువుతారా?"

"చత్వారం మేడం. కనపడట్లా."

కోర్టంతా నవ్వింది. మేజిస్ట్రేట్ గారే తెప్పించుకుని చదివారు. మస్తానమ్మ ఇక బయటపడినట్టే. హైమావతి గారు ఆమెకి ముందే గట్టిగా చెప్పింది, "డబ్బా నీదా అంటే కాదను. ఇంకొక్క ముక్క మాట్లాడబాకు" అని.

"ఈ డబ్బా నీదేనా?" అని మేజిస్ట్రేట్ గారు అడిగారు.

"కాదమ్మా," అంది మస్తానమ్మ. అక్కడ ఆగితే సరిపోయేది. కానీ నన్ను చూసేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "నాది పచ్చది, మూతకి గుడ్డ చుట్టి ఉంటది. పోసుకుంది మాత్రం నిజం. ఆ సారు ఆగుతాడని, ఒక్కసారి నా మొకం చూస్తాడని పోసుకున్నా. ఈళ్ళు అబద్ధం చెప్పారని నేనూ చెప్పాల్నా?"

హైమావతి గారు కళ్ళు మూసుకుంది. ఆలోచించుకుని చెప్పమని మేజిస్ట్రేట్ గారు మళ్ళీ మళ్ళీ అడిగినా ఆమెది అదే మాట. జైలు వద్దని, కొన్నాళ్ళు మునిసిపల్ ఆఫీసు శుభ్రం చేయాలని, అది పూర్తయ్యాక బండి ఆమెకి ఇచ్చేయాలని తీర్పు చెప్పారు. ఏడుకొండలు మీద విచారణ జరపమన్నారు. అది ఇంకా జరుగుతూనే ఉంది, ఈలోగా స్టేషన్‌కి కొత్త నీళ్ళ డబ్బా వచ్చింది. నా విషయంలో కోర్టు గుమాస్తా అలవాటుగా 'వస్తువు ముద్దాయికి ఇవ్వవలెను' అని టైపు కొట్టేశాడు. అలా అబద్ధమాడినవాళ్ళ సొత్తు నిజం చెప్పినామెకి దక్కింది.

మస్తానమ్మ నన్ను చింతపండుతో, బూడిదతో వాసన పోయేదాకా తోమింది. ఆఫీసు తుడవడానికి నాతోనే నీళ్ళు మోసేది. విజయసారథి గారు రోజూ ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళేవారు, ఫోనులోంచి తల ఎత్తకుండా.

ఆఖరి రోజు ఆయన గది ముందు తడిగుడ్డ పెడుతూ, ఆయన వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగండి సారూ, తడి. జారతారు." ఆయన ఆగారు. కోర్టువారి ఆజ్ఞ మీదే ఒక ప్రభుత్వోద్యోగి పని ఆగింది. ఆయన తల ఎత్తి, మొదటిసారి ఆమె మొహం చూశారు.

"ఎవరమ్మా నువ్వు? కొత్తగా చేరావా?"

మస్తానమ్మ ఆయన్ని కిందినించి పైదాకా చూసింది. తర్వాత నవ్వు ఆపుకోలేక నన్ను పట్టుకుని అక్కడే కూలబడింది.

"ఈయన కోసరమా," అంది నాతోనే, కళ్ళు తుడుచుకుంటూ, "నేను చావబోయింది!"

సాయంత్రం బండి తోసుకుంటూ బస్టాండు దారి పట్టాం. ఇప్పుడు నేను బండి కింద ఉంటున్నాను, మంచినీళ్ళతో. ఏడుకొండలు పొద్దున్నే వచ్చి ఇడ్లీ తింటాడు. నీళ్ళు వంచేటప్పుడు నా అడుగున ఎర్ర అక్షరాలు కనపడితే, అతనికి చత్వారం వస్తుంది.