తోక తెగిన తేలు

సుస్మిత చేసిన తప్పు నలభై సెకన్ల వీడియో.

బాన్సువాడ ఫంక్షన్ హాల్లో వరద బాధితుల శిబిరాన్ని చిత్రీకరించమని ఒక సేవాసంస్థ ఆమెను పిలిచింది. ఆమె తీసేది పెళ్లి వీడియోలు. పెద్ద కొడప్‌గల్ వైపు తండా మునిగినప్పుడు కొట్టుకుపోయిందని అందరూ అనుకున్న సోమ్లి ఆ శిబిరంలోనే ఉంది.

"అక్కా, నా మొఖం తియ్యకు. నేను సచ్చిన్నని మా ఆయన అనుకుంటుండు. గట్లనే అనుకోనీ."

ఆమె వీపు మీది బెల్టు వాతలు చూశాక సుస్మిత కారణం అడగలేదు.

ముఖం తియ్యలేదు. కానీ పెళ్లిళ్లలో గోరింటాకు చేతుల్ని తీసే అలవాటు ఊరుకోలేదు. బియ్యం సంచి అందుకుంటున్న సోమ్లి చేతుల్ని దగ్గరగా తీసింది. మణికట్టు మీద తోక తెగిన తేలు పచ్చబొట్టు తెర నిండా వచ్చింది. ఆ వీడియోను హాలు పేరుతో సహా ఆమే సంస్థ పేజీలోకి ఎక్కించింది.

మర్నాడు పొద్దున పదకొండింటికి సోమ్లి మొగుడు భద్రు ఆ పచ్చబొట్టు గుర్తుపట్టి ఇద్దరిని వెంటేసుకుని దిగాడు.

సుస్మిత, సోమ్లి హాల్లోని పెళ్లికూతురి గదిలో దూరి గడియ పెట్టుకున్నారు. ఒకటే తలుపు. కిటికీకి ఇనుప చువ్వలు. సుస్మిత పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసింది.

"వాగు మీద రోడ్డు తెగింది. మావోళ్లంత గాడ్నే ఉన్నరు. గంట పడ్తదమ్మా."

బయట సంస్థ బాధ్యుడు శివప్రసాద్ గొంతు వినిపించింది. "తలుపు తియ్యమ్మా సుస్మితా. మొగుడూ పెళ్లాల గొడవ మనకెందుకు?"

"గంట ఆగుండ్రి సార్."

భద్రు నవ్వాడు. "సోమ్లీ, నీకు దినాలు గూడ చేసిన. ఇగ రా."

తలుపు మీద దెబ్బ పడింది. గడియ మేకు కదిలింది.

"అక్కా," అంది సోమ్లి మెల్లగా, "సచ్చినదాన్ని మళ్ల సంపితే ఎవలడుగుతరు?"

సోమ్లి బతికున్న సంగతి ఇన్నాళ్లూ దాచుకున్నది ఇందుకా అనుకుంది సుస్మిత.

"మొఖం తియ్యి. ఇప్పుడే," అంది సోమ్లి.

సుస్మిత ఫోన్‌లో సంస్థ పేజీ తెరిచి లైవ్ నొక్కింది. సోమ్లి ముఖం మీది కొంగు తీసేసింది.

"నేను సోమ్లి. బతికే ఉన్న. తలుపు పలగ్గొడుతున్నోడు నా మొగుడు భద్రు."

చూసేవాళ్లు పదిమంది, ఎనభై, మూడొందలు. తలుపు అవతల ఎవరి ఫోన్‌లోనో అదే గొంతు ఒక క్షణం ఆలస్యంగా మోగింది. "అన్నా, నీ పేరు చెప్తుంది," అన్నాడొకడు.

దెబ్బలు ఆగాయి. కుర్చీ ఈడ్చిన చప్పుడు గుమ్మం దాకా వచ్చింది.

"చెప్పనీ," అన్నాడు భద్రు. "ఎంతసేపు చెప్తదో చూస్త."

పోలీసులు రావడానికి ఇంకా యాభై నిమిషాలు. "ఆపకు," అంది సుస్మిత. సోమ్లి గొంతు తడుపుకుని పెళ్లైన రోజు నుంచి మొదలుపెట్టింది.