మోకాళ్ళ లోతే

బస్సులోంచి లహరి వెనకాలే ఇంకో పిల్ల బ్యాగుతో దిగడం చూడగానే హేమావతికి కడుపు మండిపోయింది.

"హేమా, ఇదే మే సుష్మ. మా ఆఫీసు. నీకు చెప్పకుండా తోడుకొస్తి, ఏమీ అనుకోవద్దు."

ఏమీ అనుకోవద్దంట! పోయిన ఆగస్టులో ఈ సుష్మతోనే కదా లహరి కాశ్మీర్ పోయింది. వీపున బ్యాగు తగిలించుకుని ఏడు రోజులు కొండల మీది సరస్సులన్నీ తిరిగొచ్చింది. ధర్మవరంలో ఒకే వీధిలో, మగ్గాల చప్పుడు మధ్య కలిసి పెరిగిన హేమావతిని మాత్రం "వస్తావా మే?" అని మాటవరసకైనా అడగలేదు. ఫోటోలు మాత్రం డెబ్బై పంపింది. ఏ ఫోటో తెరిచినా నీలంగా ఒక సరస్సు, దాని ముందు లహరి భుజం మీద చెయ్యేసుకుని ఈ మహాతల్లి.

అందుకే ఈసారి వానలకు చెరువులు నిండగానే హేమావతి పట్టుబట్టింది. మనకు మాత్రం నీళ్ళు లేవా, బుక్కరాయసముద్రం కట్ట మీద మొదలుపెట్టి, చెరువు తర్వాత చెరువు చూసుకుంటూ నాలుగు రోజుల్లో ధర్మవరం నడిచిపోదాం, మనిద్దరమే అంది. ఆ నాలుగు రోజుల్లో తన లహరిని తను మళ్ళీ దక్కించుకోవాలని ఆశ. మగ్గం మీది చీర సగంలో వదిలేసి, అమ్మ చేత తిట్లు తిని మరీ వచ్చింది. తీరా వస్తే ఇదీ వరస.

మొదటి రోజంతా కాశ్మీర్ పురాణమే. "లహ్స్, ఆ మూడో సరస్సు దగ్గర గుర్తుందా?" అని సుష్మ అనడం, ఇద్దరూ పగలబడి నవ్వడం. లహ్స్ అంట! మూడక్షరాల పేరు పలకడానికి నోరు నొప్పా తల్లీ? హేమావతి పళ్ళు నూరుకుంటూ ముందు నడిచింది. రెండో రోజు సుష్మ మడమ బొబ్బ కట్టింది. లహరి కట్ట మీద కూర్చుని, ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని, ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ మందు రాసింది. రాయి తగిలి హేమావతి బొటనవేలు కూడా చితికింది. చెప్పిందా? చచ్చినా చెప్పదు.

పోనీ ఆ పిల్ల పొగరుమోతా అంటే అదీ కాదు. హేమావతి తెచ్చిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి లొట్టలేసుకుంటూ తిన్నది. "ఇంత రుచి ఎక్కడా తినలేదు హేమా" అని చెయ్యి పట్టుకుంది. తిట్టుకోవడానికి ఒక్క కారణమైనా ఇవ్వకపోతే మనిషి ఎట్లా బతకాలి?

మూడో రోజు మధ్యాహ్నానికి పొలాల మీదుగా హేమావతి మేనమామ నారాయణప్ప ఊరి చెరువు చేరుకున్నారు. పోయిన ఎండాకాలం ఈ చెరువు ఎండి నెర్రెలిచ్చినప్పుడు, రైతులు అడుగు మట్టి తవ్వి ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నారు. దిగితే మనిషి తల కూడా కనబడనంత గుంతలు పడ్డాయి. ఇప్పుడు నీళ్ళు నిండి అంతా ఒక్క సమంగా, చూడముచ్చటగా ఉంది.

సుష్మ ప్యాంటు మడిచింది. "మంచు కరిగిన నీళ్ళలోనే దిగాం, ఇదెంత!"

లహరి ఇంకా బూటు విప్పుకుంటోంది. "హేమా, ఈడ లోతు ఉండాదా మే?"

హేమావతి చూసింది. నీళ్ళలో నిలబడిన తుమ్మచెట్టు, దానికి పదడుగులు ఇవతల గుంత. బాగా తెలుసు.

"మోకాళ్ళ లోతే," అంది.

చావాలని కోరుకోలేదు, ఒట్టు. ఒక్క మునక మునగాలి, ఆ జుట్టూ ఆ ఫోనూ బురద కావాలి, లహరి చూసి నవ్వాలి, అంతే. సుష్మ కిలకిలమంటూ అడుగులేస్తోంది. పిలువు, ఇప్పుడైనా పిలువు అని లోపల ఎవరో మొత్తుకుంటూనే ఉన్నారు. నోరు పెగల్లేదు. అబద్ధమెందుకు, తెరిస్తే పెగిలేదే. హేమావతే తెరవలేదు.

ఉన్నట్టుండి సుష్మ లేదు. కేక కూడా వినబడలేదు.

లహరి నవ్వలేదు. గొంతు చించుకుని అరిచింది. హేమావతి బ్యాగు విసిరేసి దూకింది. పొలం బావుల్లో నేర్చిన ఈత ఆరోజు అక్కరకొచ్చింది. అడుగు బురదలో తడిమి, చేతికి దొరికిన జుట్టు పట్టుకుని పైకి లాగింది. అంచు నుంచి లహరి చున్నీ విసిరి ఇద్దరినీ ఒడ్డుకు ఈడ్చింది.

సుష్మ నీళ్ళు కక్కి, హేమావతి మెడ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "నువ్వు లేకపోతే ఈరోజు పోయేదాన్ని హేమా!"

కేకలు విని చేలోంచి నారాయణప్ప పరుగెత్తుకొచ్చాడు. "ఏమ్మే హేమా, మతి ఉండాదా నీకు? ఇవి మట్టి తోలిన గుంతలని తెలీదా? ఎండాకాలం మాకు సద్ది తెచ్చి, ఈ గుంతల కాడనే గదా పెడితివి!"

"పాపం, మర్చిపోయి ఉంటుంది లెండి," అంది సుష్మ.

లహరి చున్నీ పిండడం ఆపి హేమావతి మొహంలోకి చూసింది. హేమావతి తల దించుకుంది.

సాయంత్రం మామ ఇంట్లో సుష్మ స్నానానికి పోయాక లహరి వచ్చి పక్కన కూర్చుంది.

"నేను అడిగితిని గదా మే."

"అడిగితివి," అంది హేమావతి. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు. "ఓర్చుకోలేకపోతి లహరీ. నన్ను ఇడ్సిపెట్టి దాన్ని తోడుకుని కాశ్మీర్ పోతివి. నన్ను ఒక్క మాట అడిగినావా?"

"మీ నాయనకు ఆపరేషనైన నెల అది. అడిగితే రాలేక ఏడుస్తావని అడగలేదు."

అంత మాత్రం చెప్పి లహరి తడి చున్నీ ఆరేయడానికి లేచిపోయింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! ఏడ్చి, కాళ్ళు పట్టుకుని, ఎట్లో ఒకట్లా సర్దుకునేది హేమావతి.

నాలుగో రోజు ధర్మవరం ఇంకా రెండు గంటల దూరం ఉందనగా దారికి అడ్డంగా వంక పారుతోంది. హేమావతి ముందుగా దాటింది. నీళ్ళు పిక్కలైనా తడపలేదు. అవతలి గట్టున నిలబడి, "రాండి, లోతు లేదు" అని పిలిచింది. సుష్మ చిన్నపిల్లలా నీళ్ళు చిమ్ముకుంటూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

లహరి ఇవతలి గట్టునే ఆగిపోయింది. కాసేపటికి గొర్రెలు తోలుకుంటూ ఒకాయన వచ్చాడు.

"అన్నా, ఈడ లోతు ఉండాదా?" అని అడిగింది లహరి.

ఆయన నవ్వాడు. "ఆ యమ్మ నీ కండ్ల ముందరే దాట్య గదమ్మా. ఇంక నన్ను అడుగుతావేంది?"

"నువ్వు చెప్పన్నా."

"లేదు తల్లీ, పో."

అప్పుడు లహరి నీళ్ళలో కాలు పెట్టింది.