డ్రిల్లు మాస్టారి మౌనవ్రతం

దేవీప్రసాద్ మాస్టారు నోరు తెరిచారంటే అరకు లోయలో పొగమంచు కాస్త పక్కకి జరుగుతుందని ఆశ్రమ పాఠశాల ఆడపిల్లలు చెప్పుకునేవారు. ఆ మాట మాస్టారి చెవిన కూడా పడింది. కోపం రాలేదు సరికదా, లోలోపల మురిసిపోయారు. చీపురుపల్లి వైపు నుంచి వ్యాయామ ఉపాధ్యాయుడిగా కొండెక్కి వచ్చిన నాటి నుంచీ ఆయనకి ఆ గొంతే పెట్టుబడి. పొద్దున్న ప్రార్థన దగ్గర ఆయన "అటెన్షన్" అంటే, వంటశాలలో రాగి జావ కలుపుతున్న మనిషి కూడా గరిటె వదిలేసి నిటారుగా నిలబడేది.

ఆ ఏడాది వలిసె పూలు విరగబూసిన రోజుల్లో, ఏజెన్సీ బళ్లలోని ఆటల మాస్టార్లందరికీ ఈ బడిలోనే శిక్షణ పెట్టారు. కొయ్యూరు నుంచి, సీలేరు నుంచి, ఇంకా లోపలి ఊళ్ల నుంచి బస్సులూ జీపులూ పట్టుకుని వచ్చారు. శిక్షణ ఇవ్వడానికి కింద మైదాన ప్రాంతంలో ఒక బీపీఈడీ కాలేజీ నుంచి ప్రసన్న మేడం వచ్చారు. ఆటల మాస్టార్లు కాబోయేవాళ్లకి పాఠాలు చెప్పడం ఆవిడ ఉద్యోగం.

ఇలాంటి శిక్షణలు దేవీప్రసాద్ చాలా చూశారు. వెనక వరసలో కిటికీ పక్క కుర్చీ పట్టుకుని, టీ వచ్చేదాకా కళ్లు తెరుచుకునే నిద్రపోయే విద్యలో ఆయనకి మంచి అనుభవం ఉంది. ఆ రోజూ అలాగే సర్దుకుని కూర్చున్నారు. కానీ మేడం తెర దించలేదు, బొమ్మలు చూపించలేదు.

"ఈసారి నేను చెప్పేది తక్కువండీ," అన్నారావిడ. "మీలో ఒకరు పిల్లలకి క్లాసు తీసుకుంటారు. ఇంకొకరు ఫోన్లో వీడియో తీస్తారు. తర్వాత అందరం కూర్చుని చూద్దాం."

గదిలో అందరూ ఒక్కసారి తమ చెప్పుల వైపు చూసుకున్నారు. ఆ నిశ్శబ్దం దేవీప్రసాద్ భరించలేకపోయారు.

"ముందు నేను తీసుకుంటాను మేడం. కొత్తోళ్లు చూసి నేర్చుకుంటారు," అంటూ లేచారు.

వీడియో తీసే పని నిర్మలకి పడింది. కొయ్యూరు దగ్గర బడిలో కొత్తగా చేరిన పీఈటీ ఆ అమ్మాయి. ఉన్నమాట ఎవరికైనా నవ్వుతూ మొహం మీదే చెప్పేస్తుంది. మాస్టారు జుట్టు దువ్వుకుని, విజిల్ తుడుచుకుని, ఆమెకి ముందే చెప్పారు: "అమ్మాయ్, ఎడం పక్క నుంచి తియ్యి. బొజ్జ కనపడదు."

ఆ రోజు పాఠం వాలీబాల్. మాస్టారు విజృంభించారు. పిల్లల్ని వరసలో నిలబెట్టి, బంతి ఎలా అందుకోవాలో, వేళ్లు ఎలా ఉంచాలో, తన కాలంలో తాము ఎలా ఆడేవాళ్లమో, అన్నీ కొండ అవతలి ఊరికి కూడా ఉపయోగపడేంత గట్టిగా చెప్పారు. గంట కొట్టాక చెమట తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. క్లాసు అదిరిపోయిందనే ఆయన నమ్మకం.

తరగతి గదిలో గోడకున్న పెద్ద టీవీలో వీడియో పెట్టారు.

మొదట బొజ్జ కనపడింది. నిర్మల ఏ పక్క నుంచి తీసినా అది దాగేది కాదు. తర్వాత మాస్టారు మాట్లాడుతూ కనపడ్డారు. ఆ తర్వాతా మాట్లాడుతూనే కనపడ్డారు. "లైను! లైను సరిగ్గా!" అన్న కేక వచ్చినప్పుడల్లా పిల్లలు ముందుకి ఒకడుగు, వెనక్కి ఒకడుగు వేసి మళ్లీ నిలబడుతున్నారు. ఒక్కొక్కరినే ముందుకి పిలిచి వేళ్లు ఎలా ఉంచాలో చూపిస్తున్నారు గానీ, బంతి మాత్రం చాలాసేపు ఆయన చంకలోనే ఉంది. చివర్లో కొందరికి ఒక్కోసారి అందింది, అంతలో గంట కొట్టేశారు.

"ఆగండాగండి," అంది నిర్మల. "ఆ చివరి గుంటని చూడండి."

పొట్టి జడల పిల్ల ఒకతె, తన వంతు దగ్గర పడగానే మెల్లగా వరసలోంచి తప్పుకుని, ఏమీ ఎరగనట్టు వెళ్లి వెనక నిలబడుతోంది. మళ్లీ దగ్గరైతే మళ్లీ అంతే. మాస్టారి కళ్ల ముందు నుంచే నడిచి వెళ్లింది. ఆయన అప్పుడు తన కాలేజీ జట్టు గురించి చెబుతున్నారు.

"క్లాసైనంతసేపూ తను నడుస్తానే ఉంది సార్," అంది నిర్మల. "వ్యాయామం జరిగింది ఆ ఒక్క గుంటకే."

గది గొల్లుమంది. సీలేరు నుంచి వచ్చిన పెద్దమనిషి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. దేవీప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఫోన్ పట్టుకోడం తప్పు. అలా పట్టుకుంటే ఎవుడి క్లాసైనా అలాగే కనపడతాది," అన్నారు. ఎవరూ ఒప్పుకోలేదు. దాంతో ఉక్రోషం వచ్చేసింది. "అయితే మేడం, ఓ క్లాసు మీరు తీసుకోండి. మేమూ చూస్తాం."

ప్రసన్న మేడం మొహంలో రంగు మారింది. అయినా "సరే మాస్టారూ," అన్నారు.

మర్నాడు పొద్దున్న మైదానంలో రంగురంగుల కోన్లు ముచ్చటగా అమర్చారావిడ. "పిల్లలూ, ఈ రోజు మనం సమతుల్యతను, చలన నైపుణ్యాలను పెంపొందించుకుందాం," అని మొదలుపెట్టారు. ఇళ్లలో ఆదివాసీ ఒడియా మాట్లాడుకునే ఆ పిల్లలు, పెంపొందించుకునేది తినేదో కట్టుకునేదో తెలియక మొహమొహాలు చూసుకున్నారు. ఆవిడ మళ్లీ వివరించారు. వివరించినదాన్ని ఇంకాస్త వివరించారు. అంతలో మంచు కమ్మేసి కోన్లు కనపడటం మానేశాయి. ఒక పిల్ల ఎరుపు కోను నెత్తిన పెట్టుకుంది. మిగతావాళ్లకి పాఠం అదే అనిపించి, తలా ఒకటి పెట్టుకుని వరసగా నిలబడ్డారు.

ఆ వీడియో చూస్తున్నప్పుడు అందరికంటే ముందు నవ్వింది మేడమే. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి మంచినీళ్లు తాగారు. ఎగతాళికి రెండు మంచి మాటలు సిద్ధం చేసుకుని కూర్చున్న దేవీప్రసాద్ వాటిని నోట్లోనే మింగేశారు.

సాయంత్రం వరండాలో టీ తాగుతున్నప్పుడు ఆవిడే మాట కదిపారు. "చిన్నపిల్లల ముందు నిలబడి చాలా ఏళ్లయింది మాస్టారూ. పాఠం ఎలా చెప్పాలో చెప్పడంతోనే నా ఉద్యోగం సగం గడిచిపోయింది."

ఆ మాటతో దేవీప్రసాద్ మనసు మెత్తబడింది. "నాకు చెప్పేవోళ్లే లేరు మేడం. వచ్చిన కొత్తలో తనిఖీ అధికారి ఒకాయన గొంతు బాగుందన్నాడు. అప్పట్నుంచి దాన్నే పెంచుకుంటూ వచ్చేను."

"అయితే నెలకోసారి నేను వచ్చి మీ క్లాసు చూస్తాను. మీరూ నా కాలేజీకి వచ్చి నా క్లాసు చూడండి."

"నేనా? మీ కాలేజీకా?"

"వీడియోలో నన్ను చూశారుగా. ఇంక దాచుకోడానికి ఏముంది?"

అలా ఒప్పందం కుదిరింది. ఆ ఊపులో మాస్టారు ఒక శపథం కూడా చేసేశారు. తెల్లారి నుంచి ఆటల పీరియడ్‌లో నోరు మెదపరట.

మొదటి రోజు ఆయన మైదానంలోకి వచ్చి, గుండ్రంగా నిలబడమని రెండు చేతులూ తిప్పి చూపించారు. పిల్లలు కాసేపు ఆలోచించి, ఒకరి నడుం వెనక ఒకరు చేతులు కలిపి థింసా నాట్యం మొదలుపెట్టారు. మాస్టారు వద్దని చేతులూపారు. అది హుషారు చెయ్యడం అనుకుని జోరు పెంచారు. పీరియడ్ అయ్యేసరికి హెడ్మాస్టరు గారు మిరియాల కషాయం పంపించి, గొంతుకేమైందని అడిగించారు.

ఆ వారమంతా ఆయనకి నరకంలాగే గడిచింది. మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. కానీ నోరు మూసుకున్నాక కళ్లకి పని దొరికింది. ఎవరు ఎవరి పక్కన నిలబడతారో, బంతి వస్తుంటే ఎవరు కళ్లు మూసుకుంటారో కనపడసాగింది. పొట్టి జడల సోని మళ్లీ వెనక్కి జారుకోవడం కూడా చూశారు. ఆ రోజు పీరియడ్ అయ్యాక ఆమెని ఆపి, పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"ఏటి గుంటా, అలా వెనక్కెళ్లిపోతన్నావు? ఆటంటే ఇష్టం లేదా?"

సోని కాలి వేలితో నేల గీరింది. "బంతి గట్టిగుంటది సార్. ఓపాలి ముక్కుకి తగిలింది. అందరూ చూస్తన్నారు. మీరు 'కళ్లెక్కడున్నాయి' అన్నారు."

మాస్టారికి ఆ సంగతే గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే ఆయనకి ఎక్కువ కష్టం అనిపించింది.

"మరెలాగైతే ఆడతావు?"

ఈ ప్రశ్న ఇన్నేళ్లలో ఆయన ఎవరినీ అడగలేదు. సోని కూడా నమ్మలేనట్టు చూసింది. "మెత్తటి బంతైతే ఆడతాను. అందరి ముందూ ఒక్కదాన్నీ అయితే ఆడను."

ఆ రాత్రి నిర్మలకి ఫోన్ చేసి, సలహా అడుగుతున్నట్టు కాకుండా సలహా అడిగారు. ఆమె పాత దుప్పటి ముక్కలతో బంతులు చుట్టించి పిల్లల్ని చిన్న గుంపులు చెయ్యమంది. "అదే నేనూ అనుకుంటన్నాను," అన్నారాయన. అంతవరకూ అనుకోలేదు.

నెల తిరిగేసరికి ప్రసన్న మేడం వచ్చారు. మైదానం అంతా గుడ్డ బంతులు ఎగురుతున్నాయి. ముగ్గురేసి, నలుగురేసి పిల్లలు తమ ఆటకి తామే నియమాలు పెట్టుకుని, వాటి మీద తామే దెబ్బలాడుకుంటున్నారు. సోని బంతి జారవిడుస్తూనే ఉంది. పరిగెత్తి తెచ్చుకుని మళ్లీ ఆడుతోంది. మాస్టారు ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి తిరుగుతూ, వంగి ఒక మాట చెప్పి కదిలిపోతున్నారు. నోరు మెదపననే శపథం కేకలెయ్యననే దాకా సడలింది. అదీ ఒక్కసారే తప్పింది. మైదానంలోకి మేకలు చొరబడినప్పుడు ఆయన వేసిన కేకకి మేకలతో పాటు మేడం కూడా లేచి నిలబడ్డారు.

ఆ పై నెలలో ఇస్త్రీ చొక్కా వేసుకుని దేవీప్రసాద్ కొండ దిగారు. కాలేజీలో వెనక బెంచీ మీద కూర్చున్నారు. మేడం బోర్డు మీద "పిల్లల భాగస్వామ్యం" అని రాసి వివరిస్తున్నారు. ఆయన వంక చూడకూడదనుకుంటూనే రెండుసార్లు చూశారు. కాబోయే మాస్టార్లు తలలు వంచుకుని శ్రద్ధగా రాసుకుంటున్నారు. శ్రద్ధలో ఒకడు కునుకు కూడా తీస్తున్నాడు.

చివరికి మేడం సుద్ద ముక్క కింద పెట్టి, "మాస్టారూ, మొహమాటం లేకుండా చెప్పండి. ఎలా ఉంది?" అని అడిగారు.

దేవీప్రసాద్ లేచి నిలబడ్డారు. చెప్పడానికి చాలా ఉంది. అందులో సగం ఆవిడ గురించి మెచ్చుకోలే. నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నారు.

"ఇక్కడ చెప్తే నేనూ ఉపన్యాసమే ఇచ్చేస్తాను మేడం. గ్రౌండ్లోకి పదండి," అన్నారు. సంచీ విప్పి సోని వాళ్లు చుట్టి ఇచ్చిన గుడ్డ బంతులు బల్ల మీద కుమ్మరించారు. "బేగి రండర్రా! ఎండెక్కిపోతాది."

కునుకు తీస్తున్నవాడు ఉలిక్కిపడి ముందుగా పరిగెత్తాడు. ప్రసన్న మేడం ఒక్క క్షణం బోర్డు వైపు చూసి, కొంగు నడుముకి దోపుకుని, ఒక బంతి అందుకున్నారు. కాసేపటికి ఆ కేకలకి కాలేజీ మేడ మీద కిటికీలన్నీ తెరుచుకున్నాయి. కింద ఆవిడ తన విద్యార్థులతో గొడవపడుతున్నారు. బంతి గీత మీద పడిందని వాళ్లు, పడలేదని ఆవిడ. దేవీప్రసాద్ మాస్టారు చెట్టు నీడలో చేతులు కట్టుకుని నిలబడి, తీర్పు చెప్పకుండా చూస్తున్నారు.