గాయనికి కొత్త చెవులు

ఆ బృందంలో డ్రమ్స్ వాయించే పెద్దాయన్ని అందరూ ఉరుము అని పిలిచేవారు. ఎదురుగా పిలిచినా నవ్వుతూ పలికేవాడు. గాయని మాత్రం ఏడాదిగా ఆయన్ని ఏ పేరుతోనూ పిలవడం లేదు.

ఏడాది కిందట ఒక రిహార్సల్లో మాటా మాటా పెరిగింది.

"ఈ మధ్య నువ్వు పాడుతున్నావా అమ్మాయ్, వీధి చివర ఎవరినైనా పిలుస్తున్నావా?" అన్నాడు ఉరుము.

"మీ చేతుల్లో ఉన్నవి కర్రలు కావు, రోకళ్లు. వాటి కింద పడి నా గొంతు నలిగిపోతోంది" అంది గాయని.

అక్కడితో మాటలు ఆగిపోయాయి. చెప్పుకోవలసింది ఏమైనా ఉంటే, హాలు చివర అందరి మైకుల శబ్దం సరిచేసే మిక్సర్ ముందు కూర్చునే గాయని భర్తకు చెప్పేవారు. ఆయన అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసేవాడు. చేరవేసేటప్పుడు అందులోని కారం తీసేసేవాడు.

నిజానికి ఇద్దరూ అన్నది అబద్ధమేమీ కాదు. కంపెనీల వార్షికోత్సవాల్లో, పెళ్లి విందుల్లో, హోటల్లో ఆదివారం మధ్యాహ్నాలు పాడటం గాయని పని. వెనక డ్రమ్స్, పక్కన గిటార్, కాళ్ల దగ్గర స్పీకర్లు. ఆ హోరులో తన గొంతు తనకే వినపడదు. వినపడక గొంతు పెంచేది. ఆమె పెంచితే ఉరుము దెబ్బ పెంచేవాడు. కచేరీ ముగిసేసరికి గొంతు గీరుకుపోయి, మర్నాడంతా సైగలతో కాపురం చేసేది. భర్త మితభాషి కావడంతో ఇంట్లో పెద్ద తేడా కనిపించేది కాదు.

తేడా కనిపెట్టింది చెల్లెలు. ఆమె చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తుంది. వినికిడి యంత్రాలకు చెవి అచ్చులు తీస్తుంది. అక్కతో ఫోన్లో మాట్లాడుతుంటే ప్రతి రెండో మాటకీ "ఆఁ? ఏంటీ?" అని వినపడుతోంది. ఒకరోజు పిలిపించి, గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసింది.

"సన్నటి శబ్దాలు కాస్త తగ్గాయక్కా. కాస్తే. ఇక్కడితో ఆపుకుంటే నీకు మంచిది."

"అంటే, పాడటం మానేయమంటావా?"

"అరవడం మానేయమంటున్నా."

అక్క ముఖం ముడుచుకోవడం చూసి చెల్లెలు సొరుగులోంచి పెద్ద సిరంజి లాంటిది తీసింది. "తల పక్కకి తిప్పు. నోరు కొంచెం తెరిచి ఉంచు. నీకు ఇదేం కష్టం కాదులే" అంటూ చెవిలోకి చల్లటి మెత్తటి ముద్దను నింపింది. చెవులు రెండూ మూసుకుపోయి, గాయనికి తన ఊపిరి, తన గుటక తప్ప మరేమీ వినపడలేదు. కాసేపటికి గట్టిపడ్డ ముద్దను చెల్లెలు మెల్లగా లాగి చేతిలో పెట్టింది. నత్తగుల్ల లాంటి ఆకారం, ఒక వంపు, చివర చిన్న మలుపు. ఇన్నేళ్లూ మోస్తున్న తన చెవి లోపలిభాగం ఇలా ఉంటుందని గాయని ఎన్నడూ ఊహించలేదు.

కొన్ని వారాల తర్వాత, మధ్యాహ్నం భోజనాల విరామంలో రమ్మని చెల్లెలు ఫోన్ చేసింది. బల్ల మీద అరచేయంత నల్లటి పెట్టె. లోపల గాజులా పారదర్శకంగా ఉన్న రెండు బుడిపెలు. గులిమి తుడుచుకోవడానికి ఒక బుల్లి బ్రష్. బుడిపెలను వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే లోపల వెంట్రుకంత తీగలు, బియ్యపు గింజలంతేసి స్పీకర్లు వరసగా కనిపించాయి. ఎర్రచుక్క ఉన్నది కుడిచెవికి, నీలిచుక్క ఉన్నది ఎడమచెవికి.

"పెద్ద గాయకులు స్టేజీ మీద పెట్టుకునే రకం. నీ చెవుల అచ్చుతోనే చేయించాను. ఇంకొకళ్ల చెవిలో పట్టవు. కాబట్టి అమ్ముకోవడానికి కుదరదు, ఆ ఆశ పెట్టుకోకు" అంది చెల్లెలు.

"ఇంత ఖరీదైనవి నాకెందుకే?"

"ముందు పెట్టుకో. తర్వాత తిట్టుకో."

పెట్టుకోవడం అనుకున్నంత సులువు కాలేదు. ముందు వంపును లోపలికి పంపి, వెనక్కి తిప్పి, తీగను చెవి మీదుగా వేసుకోవాలి. మొదటిసారి తిప్పడం తెలియక నొప్పి పెట్టింది. రెండోసారి తాళంచెవి తిరిగినట్టు తిరిగి కూర్చుంది. రెండో చెవిలోదీ అమరగానే ఆసుపత్రి మాయమైంది. ఫ్యాన్ చప్పుడు లేదు, వరండాలో కుర్చీలు లాగుతున్న చప్పుడు లేదు. చెల్లెలి పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. చిన్నప్పటినుంచీ చెల్లెలి నోరు ఇలా మూయించాలని ప్రయత్నించి విఫలమైన గాయనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు తన తలలోనే పెద్దగా మోగి కాస్త భయపెట్టింది కూడా.

చెల్లెలు ఫోన్లో ఒక పాట పెట్టింది. గాయనికి ఊహ తెలిసినప్పటినుంచీ తెలిసిన పాట. కొన్ని వందల కచేరీల్లో పాడిన పాట. అందులో తనకు తెలియనిది ఉందని ఎవరైనా అని ఉంటే ఒప్పుకునేది కాదు.

మొదట వేణువు వచ్చింది. వేణువు కంటే ముందు, ఊదబోతూ ఆ కళాకారుడు తీసుకున్న గుక్క వచ్చింది. అది ఎడమవైపు, కొంచెం దూరంలో. గదిలో అక్కడ ఎవరైనా నిలబడ్డారేమోనని గాయని తల తిప్పి చూసింది. తర్వాత వయొలిన్లు. ఎప్పుడూ ఒక్క ముద్దగా వినిపించేవి ఇప్పుడు విడివిడిగా, ఇవి ముందు వరస, ఇవి వెనక వరస అని వేలు పెట్టి చూపించేలా ఉన్నాయి. వాటి అడుగున బేస్ గిటార్ ఎక్కడా ఉబ్బకుండా, గుండెల మీద గుద్దకుండా, చదునైన నేల మీద నడుస్తున్నట్టు నడుస్తోంది. ఇక పాడే ఆవిడ గొంతు వచ్చింది. ఎంత దగ్గరంటే, పెదవులు విడివడిన చప్పుడు తెలుస్తోంది. ఒక మాట చివర ఆవిడ నవ్వబోయి ఆపుకుంది. ఇన్నేళ్లలో ఎన్నడూ వినని నవ్వు అది.

పాట అయిపోయాక గాయని ఒక చెవిలోది తీసి, "వీటిలో తప్పేమీ లేదా?" అని అడిగింది.

"ఎందుకు లేదు? తీగ బట్టలకు రాసుకుంటే గరగరలాడుతుంది. ఏదైనా నములుతుంటే గులకరాళ్లు నమిలినట్టుంటుంది. చెమటకి దురద పెడుతుంది."

"అంతేనా? అవి నేను భరిస్తాను. మొన్నటి నా కచేరీ రికార్డింగ్ పెట్టు."

చెల్లెలు కొంచెం తటపటాయించి పెట్టింది. అదే పాట. అవే మాటలు. గాయని మొదటి చరణం దాకా విని, తల వంచుకుంది. ప్రతి స్వరాన్నీ భుజంతో తోస్తున్నట్టుంది. ఊపిరి చాలక లైన్ల చివరలు తెగిపోతున్నాయి.

"ప్రేమ పాటేనా ఇది? ఎవర్నో గుమ్మం దగ్గర నిలబెట్టి కడిగేస్తున్నట్టున్నాను."

"నీకు నువ్వు వినపడలేదక్కా, అంతే. ఇకనుంచి వినపడతావు."

హోటల్ హాల్లో జరిగిన రిహార్సల్లో భర్త ఆ తీగను నడుముకు తగిలించుకునే చిన్న పెట్టెకు కలిపాడు. హాలు చివర తన మైకులో, ఎప్పటిలాగే ఎవరికీ వినపడనంత మెల్లగా, "వినపడుతోందా?" అన్నాడు. ఆ మాట గాయని తలలోపల పలికింది. ఉలిక్కిపడి వెనక్కి చూసింది.

"మన కాపురంలో మీరింత స్పష్టంగా మాట్లాడటం ఇదే మొదలు" అంది మైకులో.

"నువ్వింత శ్రద్ధగా వినడం కూడా ఇదే మొదలు" అన్నాడాయన. ఆ మాట ఆమెకు తప్ప ఎవరికీ వినపడలేదు.

అయితే పాట మొదలయ్యాక ఆమెకు ఊపిరాడలేదు. తన గొంతు అద్దంలో చూసుకున్నట్టు తెలుస్తోంది, నిజమే. కానీ హాలు లేదు, మనుషులు లేరు, అంతా గాజుగదిలో నిలబడి పాడినట్టుంది. ఉండబట్టలేక ఒక చెవిలోది లాగేసింది. భర్త చేయెత్తి ఆపాడు. ఒక్కటే పెట్టుకుంటే దాన్ని ఇంకా పెంచుకుంటావు, అది మరీ ప్రమాదమని మరదలు చెప్పిందన్నాడు. స్టేజీ అంచున హాలువైపు తిప్పి ఇంకో రెండు మైకులు పెట్టాడు. మళ్లీ పెట్టుకుని చూస్తే, నీళ్లు పోసే కుర్రవాళ్ల అడుగుల చప్పుడు, ఎక్కడో గ్లాసు పెట్టిన చప్పుడు పలచగా చెవుల్లోకి వచ్చాయి. గాయని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

ఉరుము ఇదంతా చూస్తూ, "చెవుల్లో బిరడాలు పెట్టుకుంటే నా దెబ్బలు తప్పించుకోవచ్చనా? అడగండి మీ ఆవిడని" అన్నాడు. భర్త ఆ మాట చేరవేయలేదు. చేరవేయనవసరం లేకుండా, డ్రమ్స్ మైకులోంచి అది నేరుగా ఆమె చెవుల్లోనే పడింది.

ఆదివారం మధ్యాహ్నం హోటల్ హాలు నిండుగా ఉంది. గాయని మొదటి పాటను పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు ఎత్తుకుంది. తోయడానికి అలవాటుపడిన గొంతు మొదట తడబడింది. తర్వాత దానికే తెలిసింది, తొయ్యక్కర్లేదని. మాట చివర్లు వాటంతటవే సాగి, సన్నబడి, ఆగుతున్నాయి. ఆమె తగ్గేసరికి గిటార్ తగ్గింది. ఉరుము కూడా తగ్గాడు. ముందు బల్లల దగ్గర మాటలు ఆగిపోవడం ఆమెకు చెవుల్లో తెలిసింది.

అప్పుడు వినపడ్డాయి డ్రమ్స్. ఇన్నాళ్లూ వీపు మీద పడే దెబ్బలుగా తప్ప ఆమె వాటిని ఎరగదు. ఇప్పుడు కర్ర కొన ఇత్తడి తాళానికి తగలడం, ఆ మోత సన్నని పొడిలా రాలడం, చర్మం కొట్టాక మిగిలే చిన్న వణుకు, అన్నీ విడివిడిగా వస్తున్నాయి. రెండో చరణం ముందు ఆమె ఊపిరి తీసుకుంది. రావలసిన తాళం దెబ్బ రాలేదు. రవ్వంత ఆగి, ఆమె ఊపిరి పూర్తయ్యాక వచ్చింది.

తప్పిందేమో అనుకుంది. తర్వాతి పాటలో కావాలనే కాస్త ఎక్కువసేపు ఊపిరి తీసుకుంది. దెబ్బ కూడా అంతసేపూ ఆగింది. ఇంకోసారి చటుక్కున అందుకుంది. దెబ్బ చటుక్కున వచ్చింది. లయ ఎక్కడా తప్పలేదు. వినేవాళ్లకు ఆ సర్దుబాటు తెలియనే తెలియదు. గాయనికి మాత్రం పాటలో ఒక మాట జారిపోయింది.

"ఏమైంది?" అని భర్త చెవిలో అడిగాడు. మైకు ముందు ఆమె ఏమని జవాబు చెబుతుంది?

కచేరీ ముగిసింది. ఉరుము వంగి ఇత్తడి తాళాలు విప్పుకుంటున్నాడు. గాయని చెవుల్లోవి తీసి పెట్టెలో పెట్టుకుని, ఆయన దగ్గరికి నడిచింది. గిటార్ వాయించేవాడు చేతిలోని తీగను చుట్టడం ఆపి చూస్తున్నాడు.

"అన్నయ్యా" అంది.

ఉరుము తలెత్తలేదు. ఆమె ఇంకాస్త గట్టిగా పిలిచింది. అప్పుడు ఎత్తాడు.

"నేను ఊపిరి తీసుకునే దగ్గర మీరు ఆగుతున్నారు. ఎప్పట్నుంచి?"

ఆయన తాళం బిళ్లను గుడ్డలో చుడుతూ, "నువ్వు చేరినప్పట్నుంచీ. గొంతుకి చోటివ్వకపోతే ఎలా?" అన్నాడు.

"మరి నాకెప్పుడూ చెప్పలేదే."

"చెప్పేదేముంది. వింటున్నావనుకున్నాను."

"నా ఊపిరి అంత దూరానికి మీకు వినపడుతుందా?"

ఉరుము చిన్నగా నవ్వాడు. "ఊపిరా? నీ పాటే సగం వినపడదు నాకు. నీ కుడిభుజం చూస్తాను. గుక్క తీసుకోబోయే ముందు అది లేస్తుంది." అని, అనవసరంగా నోరు జారినట్టు మళ్లీ వంగి మరలు విప్పడంలో పడ్డాడు.

గాయనికి ఆయన ఎందుకంత గట్టిగా కొడతాడో, పిలిస్తే ఎందుకు పలకలేదో అప్పుడు అర్థమైంది. ఏడాదిపాటు పంతమనుకున్నదాంట్లో సగం చెవుడు.

"రేపు మా చెల్లెలి దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తాను" అంది.

"నాకేం, బాగానే ఉన్నాను."

"బాగానే ఉన్నారని తను కూడా చెబితే, ఇద్దరం కాఫీ తాగి వచ్చేద్దాం."

మర్నాడు గాజు తలుపు వెనక ఉరుము చేతిలో మీట పట్టుకుని బడిపిల్లాడిలా నిటారుగా కూర్చున్నాడు. శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కాలి. మొదట్లో టకటకా నొక్కాడు. తర్వాత చాలాసేపు వేలు కదల్లేదు. బయట గాయనికి ఆ సన్నటి కూతలు చెల్లెలి యంత్రంలోంచి వినపడుతూనే ఉన్నాయి. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

పరీక్ష అయ్యాక చెల్లెలు ఏదీ దాచలేదు. "వినికిడి చాలా పోయింది బాబాయిగారూ. తాళాల మోత మీకు వినపడటం ఎప్పుడో తగ్గి ఉంటుంది. పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవచ్చు. మీ చెవులకు తగ్గట్టు శబ్దాన్ని సరిచేస్తే వాయించడానికీ ఇబ్బంది ఉండదు."

ఉరుము తన అరచేతులు చూసుకున్నాడు. "వినపడక కొట్టాను. కొట్టి వినపడకుండా చేసుకున్నాను" అన్నాడు.

చెల్లెలు సొరుగులోంచి, ఎవరి చెవిలోనైనా పట్టేలా మెత్తటి నురుగు బిరడాలున్న నమూనా జత తీసి ఆయన చెవుల్లో అమర్చింది. ఫోన్లో సన్నటి శబ్దాలను కొంచెం పెంచి, నిన్నటి కచేరీ పెట్టింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ముడతలు పడ్డ నుదురు మెల్లగా విడివడింది. మోకాళ్ల మీద వేళ్లు కదిలాయి. రోకళ్లు పట్టాయన్న ఆ చేతులు పిండి జల్లిస్తున్నంత నెమ్మదిగా ఆడుతున్నాయి.

"అమ్మాయ్" అన్నాడు కళ్లు తెరవకుండానే, తన గొంతు తనకు తెలియక గది అదిరేలా, "ఈ పాటలో ఇన్ని మాటలున్నాయా?"

వరండాలో వరసగా కూర్చున్నవాళ్లంతా తొంగిచూశారు. గాయని నవ్వలేక, ఏడవలేక, ఉన్నాయని తలూపింది.

"బాగున్నాయి" అన్నాడు ఉరుము. కూర్చున్నచోటే కాస్త సర్దుకుని, పాటను మళ్లీ మొదటినుంచి పెట్టమని చెల్లెలికి చేత్తో సైగ చేశాడు.